పేరమ్మ దించిన బండి ముక్కు

ఇందుకూరుపేట సెంటరులో నిలబడి చేపల పేరమ్మ ఎవరని అడిగితే చెప్పనివాళ్ళు ఉండరు. ఆమె ఇల్లెక్కడో తెలియకపోవచ్చు. కానీ ఏ అరుగు మీద గంప దించేదో, ఎవరితో ఏ చేప దగ్గర తగాదా పడిందో, పడ్డాక ఎవరు ముందు మాట్లాడారో పూసగుచ్చినట్టు చెబుతారు. మైపాడు దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పాలెం ఆమెది. కొత్త కోడలిగా వచ్చిన ఏడాదే అత్త వెంకటశేషమ్మ ఆమె నెత్తిన చేపల గంప పెట్టింది. యాభై దాటేదాకా ఆ గంప దిగలేదు. మొగుడు మస్తానయ్య సముద్రం మీద పట్టుకొచ్చింది ఆమె ఊళ్ళ మీద అమ్ముకొచ్చేది. వాళ్ళ సంసారం సగం నీళ్ళ మీద, సగం రోడ్డు మీద నడిచింది.

అమ్మడంలో పేరమ్మ తీరే వేరు. బేరమాడేవాళ్ళంటే ఆమెకు ఇష్టమే, పొద్దుపోతుంది. చేప మొప్పలెత్తి చూసేవాళ్ళంటేనే ఒళ్ళుమంట. "నేను చెప్పినాక మళ్ళా చూసేదేంది?" అని గంప ఎత్తుకుని వెళ్ళిపోయేది. తాజాది తాజాదని, నిన్నటిది నిన్నటిదని మొహం మీదే చెప్పేది. పైగా ఏ చేపకు ఎంత చింతపండు పిసకాలో, మామిడికాయ ముక్కలు ఎప్పుడు వేయాలో గుమ్మంలో నిలబడి పాఠం చెప్పి మరీ కదిలేది. ఆ పాఠం విని పులుసు కాచినవాళ్ళు చాలామంది అదంతా తమ చేతిమహిమే అనుకున్నారు. పోనీలెమ్మని పేరమ్మ ఊరుకుంది.

మెడ మాత్రం ఊరుకోలేదు. మొదట పక్కకు తిరగనంది, తర్వాత చేతుల్లో తిమ్మిర్లు దింపింది. నెల్లూరులో డాక్టరు ఫొటో తీయించి, మెడ ఎముకలు అరిగిపోయాయనీ, ఇక నెత్తి మీద గడ్డిపోచ కూడా పెట్టుకోవద్దనీ చెప్పాడు. పేరమ్మ అంతా విని, "మరి సంకలో పెట్టుకుంటేనో?" అని అడిగింది. డాక్టరు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఇంట్లో కూర్చోవడం ఏమిటో ఆమెకు అప్పుడే తెలిసింది. వాకిలి ఊడ్చేది, మళ్ళీ ఊడ్చేది. పక్కింటివాళ్ళ వంటలో ఉప్పు గురించి గోడ మీదుగా సలహాలిచ్చేది. పొద్దున రోడ్డు మీద ఆటో హారన్ వినబడితే కాళ్ళు వాటంతటవే లేచి గుమ్మం దాకా వెళ్ళేవి. తిండి తగ్గింది, అంతకన్నా ప్రమాదంగా తగాదాలు తగ్గాయి. మస్తానయ్యకు భయం వేసింది. పడవను తమ్ముడికి అప్పగించి తానూ ఒడ్డున పడ్డవాడే. ఒక పాత జీపు పెట్టుకుని ఐసు, చేపల పెట్టెలు తోలుకుంటున్నాడు. పని లేని మనిషి బాధ అతనికి తెలియంది కాదు.

ఒకరోజు అన్నం తింటూ తింటూ పేరమ్మ చెయ్యి ఆపింది. "ఏమయ్యా, డాక్టరు నెత్తిన పెట్టుకోవద్దన్నాడు గానీ చక్రాల మీద పెట్టుకోవద్దన్లేదు గదా?"

"ఏం పెడతావు?"

"వంటిల్లు."

ఆ మాట ఆమె ఎంత తేలిగ్గా అందో, పని అంత తేలిగ్గానూ మొదలైంది. పడవలను ఇసకలోంచి పైకి లాగే పాత చక్రాల ట్రాలీ ఒకటి వాళ్ళ పాక వెనక తుప్పు పట్టి ఉంది. దాన్ని ఇందుకూరుపేటలో గేట్లు, కిటికీలు చేసే హనీఫా వెల్డింగు షాపుకు ఈడ్చుకెళ్ళారు. హనీఫా పేరమ్మ చేతి చేపలు తిని పెరిగినవాడు. నేలకు రేకు పరిచాడు, చుట్టూ కమ్మీలు, పైన కప్పు, పక్కన ఎత్తి కట్టే తలుపు, పొయ్యికి గాలి తగలకుండా అడ్డం, అన్నీ కుదిరాయి. పులుసు, అన్నం, వేపుడు. పేరమ్మ గుమ్మాల్లో చెప్పిన పాఠాలన్నీ ఇక తానే వండి, వెళ్ళిన ఊరికల్లా వడ్డిస్తుంది. అన్నీ కుదిరాక మిగిలింది ఒక్కటే, బండిని జీపుకు తగిలించే హుక్కు ఎంత ఎత్తులో పెట్టాలన్నది.

హనీఫా జీపు వెనక నిలువుగా ఒక మందపాటి ఇనుప ప్లేటు బిగించాడు. దానికి పైనుంచి కిందికి వరసగా బోల్టు చిల్లులు వేశాడు. హుక్కును ఏ చిల్లు దగ్గర బిగిస్తే ఆ ఎత్తులో నిలుస్తుంది. బండి ముందు కమ్మీ చివర ఉన్న కడియాన్ని ఆ హుక్కులో వేసి పిన్ను దింపితే సరి.

"మస్తానన్నా, ఏ చిల్లులో వెయ్యమంటావు?" అన్నాడు హనీఫా. "నేను గేట్లోణ్ణి. నువ్వెంత ఎత్తంటే అంత."

మస్తానయ్యకు ఇంతకన్నా ఇష్టమైన ప్రశ్న ఈ మధ్య ఎవరూ అడగలేదు. నేల మీదికి వచ్చాక అతన్ని సలహా అడిగిన మొదటి మనిషి హనీఫాయే. చేతులు నడుముకు పెట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అన్నిటికన్నా పై చిల్లు. ముక్కు పైకి లేచుండాల. నలభై ఏండ్లు నీళ్ళ మీద బతికినోణ్ణి, నా మాట విను. ముక్కు పైకుండే పడవే అలను ఎక్కి దిగతాది. ముక్కు వంచిందా, మునిగిందే. బరువంతా వెనక పెట్టు. ఇంజను వెనకే గదా ఉండేది పడవకి!"

ఎవరూ కాదనలేదు. నీళ్ళ డ్రమ్ము, గ్యాసు సిలిండరు, బియ్యం బస్తా అన్నీ బండి వెనక చేర్చారు. హుక్కు పై చిల్లులో బిగిసింది. బండి ముక్కు ఆకాశం చూస్తూ నిలబడింది. మస్తానయ్య రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, అలల మీదికి దూకబోయే పడవలా ఉందని మురిసిపోయాడు. నిజమే, అచ్చం అలాగే ఉంది. మైపాడు నుంచి ఇందుకూరుపేటకు వెళ్ళే రోడ్డు మీద అలలుండవన్న సంగతే ఎవరికీ తట్టలేదు.

మొదటిరోజు పొద్దున్నే పేరమ్మ పెద్ద సత్తు గిన్నెలో వంజరం పులుసు కాచి, మూతకు గుడ్డ కట్టి బండిలో కుదురు మీద పెట్టింది. తను జీపులో మస్తానయ్య పక్కన కూర్చుంది. కొత్త చీర. పాలెం అంతా రోడ్డు మీదికి వచ్చి సాగనంపింది.

పాలెం దాటేదాకా బాగానే ఉంది. రొయ్యల గుంటల మధ్య కట్ట మీద రోడ్డు తిన్నగా, ఖాళీగా కనబడేసరికి మస్తానయ్య కాస్త వేగం పెంచాడు. అప్పుడు మొదలైంది. వెనక బండి ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి, మళ్ళీ ఇంకాస్త ఎక్కువగా ఎడమకు ఊగింది. ఒడ్డున పడ్డ చేప తోక కొట్టుకున్నట్టు కొట్టుకుంది. దాని ఊపుకు జీపు వెనక భాగం కూడా ఊగింది. మస్తానయ్య స్టీరింగు తిప్పేకొద్దీ అది ఎక్కువైంది. ఎదురుగా రొయ్యల మేత లారీ వస్తోంది. పేరమ్మ కళ్ళు మూసుకుని తెలిసిన దేవుళ్ళందరినీ, కసుమూరు దర్గా మస్తాన్ వలీతో సహా, ఒకేసారి పిలిచింది. లారీ గాలి విసురుగా దాటిపోయింది. బండి వెనక కొస కట్ట అంచుకు రాసుకుని, కీచుమని, ఆగింది.

మనుషులకు ఏమీ కాలేదు. పులుసుకు అయింది. గిన్నె పల్టీ కొట్టి, మూత ఎగిరి, వంజరం ముక్కలు బండి నిండా పరుచుకున్నాయి. నీళ్ళ డ్రమ్ము వాటి మీద పడింది. ఎక్కడి కాకులో, అప్పటిదాకా ఒక్కటీ కనబడనివి, బంధుమిత్ర సపరివార సమేతంగా దిగాయి. గుంటల కాపలావాళ్ళు పరుగున వచ్చి సాయం పట్టారు. పట్టినవాళ్ళు తిన్నగా పోకుండా, "పేరమ్మక్కా, వాసన మాత్రం అదిరింది" అని పోయారు. ఆ మాటకు ఆమెకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. చివరికి ఏడుపే మిగిలింది.

ఇంటికి వచ్చాక మస్తానయ్య మంచం మీద కూలబడ్డాడు. అక్కడే తేల్చేశాడు. "చాలు. నిన్ను చంపుకునేదానికి కాదు నేను బండి చేయించింది. శనివారం హనీఫాని రమ్మన్నా. చక్రాలు కోసేసి, బండిని మైపాడు బీచి కాడ రాళ్ళ మీద కూర్చోబెడతాం. నువ్వు ఆడ్నే కూర్చుని అమ్ము. తినేవాళ్ళు వాళ్ళే వస్తారు."

మాట న్యాయంగానే ఉంది. సెలవు రోజుల్లో బీచికి జనం బాగా వస్తారు. ఇంకొకరైతే సంతోషంగా ఒప్పుకునేవారు. పేరమ్మకు మాత్రం అది మింగుడుపడలేదు. బీచికి వచ్చేవాళ్ళు ఎవరు? ఒకపూట నీళ్ళలో ఆడి వెళ్ళిపోయే కొత్త మొహాలు. వాళ్ళకు పేరమ్మ ఎవరో తెలియదు, వాళ్ళెవరో పేరమ్మకు తెలియదు. ఆమె మనుషులు ఇందుకూరుపేట వీధుల్లో ఉన్నారు. పురిటికి ఎవరింట ఏ చేప వండాలో, ఎవరింట ముసలాయనకు ముళ్ళు తీసి పెట్టాలో ఆమెకు తెలుసు. వాళ్ళ దగ్గరికి వెళ్ళలేకపోతే ఆ బండి ఎందుకు? డాక్టరు ఇంట్లో కూర్చోమన్నాడు. మొగుడు బీచిలో కూర్చోమంటున్నాడు. కూర్చోవడం కూర్చోవడమే.

"నేను కూర్చోను" అంది.

"అయితే నిలబడి అమ్ము" అన్నాడు మస్తానయ్య.

శనివారం పొద్దున హనీఫా వచ్చేలోపు బండిని శుభ్రం చేద్దామని పేరమ్మ దిగింది. కోపం వచ్చినప్పుడు ఆమె ఏదో ఒకటి కడుగుతుంది, అది ఆ ఇంట్లో అందరికీ తెలుసు. బండి ఇంకా జీపుకు తగిలించే ఉంది. బిందెతో నీళ్ళు తెచ్చి ముందు భాగంలో కుమ్మరించింది. నీళ్ళు ఒక్క ఉదుటున జారి వెనక మూలకు చేరి అక్కడే మడుగు కట్టాయి. మళ్ళీ కుమ్మరించింది. మళ్ళీ అదే. చీపురు పక్కన పెట్టి నడుమెత్తింది.

ఇది ఆమెకు తెలిసిన తప్పు. కళ్ళకు కాదు, మెడకు తెలుసు.

అత్త వెంకటశేషమ్మ మొదటిసారి నెత్తిన గంప పెట్టిన రోజు పేరమ్మ నాలుగిళ్ళు నడిచేలోపు మూడుసార్లు తూలింది. గంప వెనక్కి లాగుతుంటే మెడ ఊగేది, మెడతో నడుము ఊగేది, ఆపబోతే ఇంకా ఊగేది. వెంకటశేషమ్మ గంప దింపి, పెద్ద చేపలను ముందు పక్కకు జరిపి, చుట్టకుదురును సరిచేసి మళ్ళీ పెట్టింది. "బల్లపరుపుగా ఉండాల గంప. ఉంటే గింటే బరువు ఒక్క పిసరు ముందుకుండాల. వెనక్కి వాలిందంటే నువ్వు గంపని మోసేది కాదు, గంపే నిన్ను ఊపతాది" అంది. ఆ తర్వాత పేరమ్మ చేతులు వదిలేసి, మాట్లాడుకుంటూ, కాలవ గట్ల మీద కూడా నడిచేసింది.

గంపే నిన్ను ఊపతాది. మొన్న కట్ట మీద జరిగింది అక్షరాలా అదే.

"ఏమయ్యోవ్!" అని ఆమె పెట్టిన కేకకు మస్తానయ్య తువ్వాలుతోనే బయటికొచ్చాడు. "నీ బండి ముక్కు కిందికి దించాల. బరువు ముందుకు జరపాల."

"గమ్మునుండు మే. ముక్కు దించితే మునగతాది."

"యాడ మునగతాది? తారు రోడ్డులోనా?"

మస్తానయ్య మొహం ఎర్రబడింది. పడవ గురించి, గాలి గురించి, అల గురించి ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. అతను పదిమంది ప్రాణాలను ఆ తెలివితోనే ఒడ్డుకు తెచ్చినవాడు. పేరమ్మ ఆ మాటలన్నీ పూర్తిగా చెప్పనిచ్చింది. ఆమె ఎవరి మాటైనా పూర్తిగా వినడం అరుదు. తర్వాత దగ్గరికి వచ్చి నెమ్మదిగా అంది.

"సముద్రంలో నీ మాటకు నేనెప్పుడైనా ఎదురు చెప్పినానా? అక్కడ నువ్వు చెప్పిందే వేదం. ఇది రోడ్డు. ఈ రోడ్డు నేను తొక్కిన రోడ్డయ్యా. బరువుతో దీని మీద ఎట్టా నడవాల్నో నాకు తెలుసు. ఒక్కసారి నా మాట విను."

మస్తానయ్య తువ్వాలు బిగించి కట్టుకున్నాడు. ఒప్పుకుంటే ఒడ్డున తనకు మిగిలిన కాస్త పరువూ పోతుందేమోనని అతని దిగులు. అది ఆమెకు తెలుసు. అందుకే నవ్వలేదు.

సరిగ్గా అప్పుడే హనీఫా మోటారుసైకిలు మీద కోత మిషను కట్టుకుని వచ్చాడు. పేరమ్మ అతన్ని దిగనివ్వకుండానే, "స్పానర్లు తెచ్చినావా?" అని అడిగింది.

"చక్రాలు కోసేదానికి స్పానర్లెందుకక్కా?"

"కోసేది సందేళకు చూద్దాం. ముందు హుక్కు దించు."

హనీఫా మస్తానయ్య వైపు చూశాడు. మస్తానయ్య సముద్రం వైపు చూశాడు. వద్దనలేదు కాబట్టి సరేనన్నట్టే అనుకుని హనీఫా పని మొదలుపెట్టాడు. పిన్ను తీసి, బండి ముందు కమ్మీ కింద జాకీ పెట్టి, హుక్కును పై చిల్లులోంచి ఊడదీసి మూడు చిల్లులు కిందికి దించి బిగించాడు. కడియం హుక్కులో పడింది. పేరమ్మ అన్నం తినే సత్తు పళ్ళెం తెచ్చి బండి నేల మీద పెట్టి నిండా నీళ్ళు పోసింది. నీళ్ళు పళ్ళెం అంచును నలువైపులా సమంగా తాకాయి.

"బల్లపరుపు!" అన్నాడు హనీఫా. "అయిపాయె."

"ఏం అయిపాయె? వట్టి గంపని నెత్తిన పెట్టుకుని చూస్తే ఏం తెలస్తాది? నింపినాక చూడాల" అంది పేరమ్మ.

కడగడానికి దించిన నీళ్ళ డ్రమ్ము, సిలిండరు, బియ్యం బస్తా అన్నిటినీ చక్రాల కన్నా ముందు పెట్టించి తాళ్ళతో కట్టించింది. జీపులో ఎక్కే పెట్టెలూ ఎక్కించింది. మస్తానయ్యను కూడా స్టీరింగు ముందు కూర్చోమంది. అతనూ బరువే కదా. అంతా ఎక్కాక పళ్ళెం చూస్తే నీళ్ళు ముందు అంచు మీదుగా ఒలికిపోతున్నాయి. బరువుకు జీపు వెనక భాగం కిందికి కూర్చుంది, దానితో బండి ముక్కూ వంగింది. మస్తానయ్య జీపులోంచి తల బయటికి పెట్టి తృప్తిగా, "చెప్పలా? మునిగింది చూడు!" అన్నాడు. రెండు రోజుల తర్వాత అతని మొహంలో వెలుగు అదే మొదటిసారి.

"మునిగింది. నువ్వు చెప్పింది నిజమే" అని పేరమ్మ ఒప్పేసుకుంది. "ఇప్పుడు ఎంత లేపమంటావో నువ్వే చెప్పు."

మస్తానయ్య ఒక్క క్షణం ఆమెను తేరిపార చూశాడు. తర్వాత దిగి వచ్చాడు. పళ్ళెం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి నీటి అంచును చూశాడు. నీళ్ళు ఏం చెబుతున్నాయో అతనికి ఒకరు నేర్పక్కర్లేదు. "ఒక్క చిల్లు" అన్నాడు. "ఒక్కటి చాలు."

హుక్కు ఒక చిల్లు పైకి ఎక్కింది. ఈసారి పళ్ళెంలో నీళ్ళు ముందు వైపుకు ఒక్క పిసరు, గోరంత, మొగ్గు చూపి నిలిచాయి. ముగ్గురూ దాని చుట్టూ కూర్చుని చాలాసేపు చూశారు. హనీఫా బోల్టులు బిగించి, పిన్ను ఎప్పుడైనా జారినా బండి రోడ్డు మీద పడకుండా రెండు గొలుసులు కూడా అడ్డంగా తగిలించాడు.

పేరమ్మ పొయ్యి వెలిగించింది. ఆ రోజు చేప పండుగప్ప. మామిడికాయ ముక్కలు వేసి, గిన్నె అంచుకు వేలెడు దూరం దాకా పులుసు కాచింది. కుదురు మీద పెట్టింది. గుడ్డ కట్టలేదు, మూత పెట్టలేదు.

"మూతేది?" అన్నాడు మస్తానయ్య.

"లేదు. సెంటరు దాకా ఒక్క చుక్క ఒలికినా ఆడ్నే, అందరి ముందర, హనీఫా చక్రాలు కోసేస్తాడు. నేను నోరెత్తను. నువ్వు చెప్పిన రాళ్ళ మీద చచ్చేదాకా కూర్చుంటా."

పేరమ్మ నోరెత్తనని మాట ఇవ్వడం ఆ పాలెంలో ఎవరూ ఎరగరు. మస్తానయ్య జీపు ఎక్కాడు. హనీఫా కోత మిషను మోటారుసైకిలు వెనక మళ్ళీ కట్టుకుని బండి వెంట బయలుదేరాడు. పేరమ్మకు మెడ వెనక్కి తిరగదు. వెనక ఏం జరుగుతోందో ఆమెకు కనబడే దారే లేదు. రెండు చేతులతో సీటు పట్టుకుని ముందున్న రోడ్డునే చూస్తూ కూర్చుంది.

పాలెం దాటింది. రొయ్యల గుంటలు వచ్చాయి. కట్ట మీద రోడ్డు మొన్నటిలాగే తిన్నగా, ఖాళీగా ఉంది. మస్తానయ్య నెమ్మదిగానే తోలుతున్నాడు.

"ఇంకొంచెం తోలు" అంది పేరమ్మ.

"వద్దు."

"తోలయ్యా. ఇప్పుడు తెలీకపోతే ఇంకెప్పుడు తెలస్తాది?"

మస్తానయ్య కాలు నొక్కాడు. జీపు గొంతు పెంచింది. అద్దంలోకి చూశాడు, మళ్ళీ చూశాడు. సీటు కింద మొన్నటి ఆ ఊపు ఎప్పుడు మొదలవుతుందా అని పేరమ్మ ఒళ్ళంతా చెవులు చేసుకుంది. ఎదురుగా మేత లారీ. అదే మొన్నటిదో, దాని అన్నో తమ్ముడో, అంత వేగంగానూ వస్తోంది. దాటింది. గాలి జీపును ఒక్క తోపు తోసింది. జీపు కదిలింది, వెంటనే సర్దుకుంది. వెనక బండి దాని అడుగుల్లోనే అడుగులేస్తూ వచ్చింది. తోక ఆడలేదు.

వెనకనుంచి హనీఫా హారన్ కొట్టి కొట్టి పక్కకు వచ్చాడు. గాలిలో గొంతు చించుకుని అరిచాడు. "అక్కా! గీత గీసినట్టు వస్తుండాది! ఊగలా! అసలు ఊగలా!"

మస్తానయ్య ఒక్కసారిగా నవ్వాడు. పడవ నిండా చేపలతో ఒడ్డుకు వచ్చినప్పుడు నవ్వే నవ్వు అది. పేరమ్మ ఆ నవ్వు చూసి చాలా రోజులైంది. "మే! పిల్లమాదిరి వెంట వస్తుండాది మే!" అని స్టీరింగు మీద దరువేశాడు. ఇందుకూరుపేట ముందు ఉన్న స్పీడ్ బ్రేకరు దగ్గర మాత్రం ఇద్దరూ మళ్ళీ బిగుసుకున్నారు. జీపు ఎక్కి దిగింది, బండి ఎక్కి దిగింది. అంతే.

సెంటరులో ఆపగానే పేరమ్మ దిగి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా, తానే బండి తలుపు ఎత్తింది. నేల రేకు పొడిగా తళతళలాడుతోంది. గిన్నె కుదురు మీద ఉన్నది ఉన్నట్టు ఉంది. పులుసు మీద నూనె తేట కదలకుండా నిలిచి ఉంది. ఆమె వేలితో గిన్నె బయటి వైపు చుట్టూ తుడిచి చూసింది. వేలికి ఏమీ అంటలేదు. ఆ వేలును మస్తానయ్యకు చూపించింది, తర్వాత హనీఫాకు చూపించింది. గుంపు చేరిన నలుగురికీ సంగతేమిటో తెలియకపోయినా వాళ్ళకూ చూపించింది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడానికి కూడా తీరిక లేనట్టు గరిటె అందుకుంది.

ముందుగా వచ్చింది లాల్‌బీ. కుట్టుమిషను పెట్టుకుని అదే వీధిలో చాలా ఏళ్ళుగా జాకెట్లు కుట్టే మనిషి. పేరమ్మ గంప దించే మొదటి అరుగు ఆమెదే. రెండు చేతులూ నడుముకు పెట్టుకుని బండిని పైకీ కిందికీ చూసింది.

"ఎంత పని చేసినావే! ఏమైపోయినావో అని అడగని మనిషి లేదు. రేకుల మేడ కట్టుకుని ఊరేగతుండావా?"

"నువ్వు ముందు తిను, తర్వాత తిట్టు" అని పేరమ్మ పళ్ళెం చేతిలో పెట్టింది.

లాల్‌బీ తిన్నది. తిట్టడం మరిచిపోయింది. ఆమె వెనక వీధి వీధంతా వచ్చింది. గిన్నెలు పట్టుకుని వచ్చినవాళ్ళు, అక్కడే నిలబడి తిన్నవాళ్ళు, ఇన్నాళ్ళూ తమ పులుసు గొప్పదని చెప్పుకుని ఇప్పుడు నోరు మూసుకుని తిన్నవాళ్ళు. మస్తానయ్య తువ్వాలు భుజాన వేసుకుని పళ్ళేలు అందించాడు. అడిగినవాడికీ అడగనివాడికీ హుక్కు చూపించి, బరువు ఎక్కించాక బండి బల్లపరుపుగా ఎందుకు ఉండాలో చెప్పాడు. వింటున్నవాళ్ళకు అదంతా అతను కనిపెట్టిందే అనిపించి ఉంటుంది. పేరమ్మ విని నవ్వుకుంది. కాదనలేదు. ఎవరో ముక్కను వేలితో తిప్పి చూడబోతే మాత్రం, "ఏం, నేను చెప్పినాక మళ్ళా చూసేదేంది?" అని గరిటె చూపించింది. జనం గొల్లుమన్నారు. మధ్యాహ్నం కాకముందే గిన్నె అడుగు కనబడింది.

సర్దుకుంటుంటే లాల్‌బీ మళ్ళీ వచ్చింది. కడిగిన పళ్ళెం చేతికిస్తూ, మామూలుగా, ఎప్పుడూ అరుగు మీద అడిగినట్టే అడిగింది.

"రేపొస్తావా?"

గంప మోసిన రోజుల్లో ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు ఆ మాట అడిగేవాళ్ళు. పేరమ్మ దాన్ని పట్టించుకున్నది కూడా లేదు. డాక్టరు దగ్గరి నుంచి వచ్చిన నాటి నుంచీ ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. కడిగిన పళ్ళేన్నే కొంగుతో మళ్ళీ తుడిచింది. లాల్‌బీ ఏమైందేమోనని దగ్గరికి వచ్చేసరికి పేరమ్మ మెడ నిటారుగా చేసి, సెంటరంతా వినబడేట్టు చెప్పింది.

"రాకేం? రేపు కానాగంతల పులుసు. బిన్నా రాండి. ఆలస్యంగా వచ్చి మిగల్లేదని ఏడిస్తే నాకు సంబంధం లేదు."